నలుపు తెలుపు టీవీలో రంగు అడిగిన ఆట

కొన్నవాణ్ణి దొంగలా నిలబెట్టిన ఆ వీడియో గేమ్ కంపెనీ అంటే నాకు నలభై ఏళ్లుగా మంట. నిన్న ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేస్తుంటే అటక మీద దాని కేసెట్ దొరికింది. డబ్బా తెరిస్తే అదే ప్లాస్టిక్ వాసన. మన ఈడువాళ్లకు గుర్తుందా, టేప్ రికార్డర్‌లో కేసెట్ పెట్టి, ఆ కీచు చప్పుడు వింటూ ఆట కంప్యూటర్లోకి ఎక్కేదాకా కూర్చోవడం?

ఓడలో పనిచేసే మా మేనమామ సింగపూర్ నుంచి కంప్యూటరూ, ఈ అసలు కేసెట్టూ తెచ్చాడు. దాంతోపాటు రంగుల గళ్ల కాగితం ఒకటి. కాపీ కొట్టకుండా తాళమన్నమాట. ఆట అడిగిన గళ్లలో ఏ రంగులున్నాయో కాగితంలో చూసి, తెర మీద అవే రంగులు వెతికి, వాటి పక్కనున్న అంకెలు నొక్కాలి. కంప్యూటరుకు తెర మా టీవీయే, అది నలుపు తెలుపుది. అన్నీ బూడిద రంగే. మా వీధిలో రంగుల టీవీ ఎవరికీ లేదు. తప్పు నొక్కితే ఆట పోయేది, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. వేసవి సెలవులన్నీ అలాగే పోయాయి.

విశాఖ పాతనగరంలో రేడియో షాపు సలీం దగ్గర అదే ఆట దొంగ కాపీ ఉండేది. అందులో తాళం ఎవరో తీసేశారు, రంగు అడగదు.

"ఏటి బావా, అసలు సరుకు నీది, ఆడేది నానా?" అని సలీం నన్ను చూసి పగలబడి నవ్వాడు.

నాతో షాపుకొచ్చిన మామయ్య మొహం మాడిపోయింది. "ఇంకెప్పుడూ అసలుది కొన్ను. సలీం కాడే కాపీ సేయించుకుందాం" అన్నాడు. మళ్లీ కొననే లేదు.

నాకు పెద్ద చదువు లేదు. అయినా ఇది అర్థమవుతుంది, ఆ తాళం దొంగను ఆపలేదు, కంపెనీకి కొనేవాణ్ణి లేకుండా చేసింది. ఆటలకు తాళాలేసే పనిలో మీ పిల్లలెవరైనా ఉంటే అడగండి. సలీంను ఆపలేని తాళం నాకెందుకు వేశారు? వచ్చే ఆదివారం సాయంత్రంలోగా జవాబు ఈ పోస్టు కిందే రాయాలి.