రికార్డులో తాతగారి భేష్

మా ముత్తాత కాలంలో నాలుగు గ్రామాల శిస్తు జగ్గయ్యపేటలోని మా చావిడిలోనే వసూలయ్యేది. తాతగారు ఊరి సంగీత సభకు అధ్యక్షులు. కచేరీలో ఆయన భేష్ అనేదాకా తక్కినవాళ్ళు నోరు మెదిపేవారు కాదు.

బెజవాడలో జరిగిన ఒక వయొలిన్ కచేరీని చప్పట్లతో సహా ఎల్పీ రికార్డుగా తెచ్చారు. దాని చివర తాతగారి భేష్ వినిపిస్తుంది. ఆయన పోయాక మాకు మిగిలిన గొంతు అదే. సూది ఎక్కడ గీసేస్తుందోనని, రికార్డు పెట్టిన ప్రతిసారీ నాకు భయంగా ఉండేది.

అరవైల చివర్లో ఒక నందిగామ వర్తకుడు మా రేడియోగ్రాం కొనడానికి వచ్చి, మోగించి చూపమన్నాడు. ఇంట్లో మిగిలిన ఎల్పీ అదొక్కటే. సూది దించాను. భేష్ వినపడగానే నానమ్మ ఎప్పటిలాగే పైట సర్దుకుని లేచి నిలబడింది. వర్తకుడూ కంగారుగా లేచి గుమ్మంవైపు చూశాడు.

"పెద్దవారెవరో వచ్చినట్టున్నారండీ?"

"మా నాన్నగారు. ఆ ప్లేటులో ఉన్నారు," అన్నారు నాన్న.

"అబ్బ, ఎంత బాగా మోగిందండీ! ప్లేటు కూడా ఇప్పించండి."

నానమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పటిదాకా నాన్న ఏ బేరానికీ కాదనలేదు.

"అది ఇవ్వం," అన్నారు నాన్న.

రికార్డు ఉంచుకున్నాం. దాన్ని వినిపించే రేడియోగ్రాం ఆ సాయంత్రమే అమ్మేశాం.