తన ముద్ద తనే

ప్రీస్కూల్ మొదలైన మూడో రోజు, మధ్యాహ్నం కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిన శశికళను టీచర్ పక్కకు పిలిచింది. అనన్య ఏమీ తినడం లేదని చెప్పింది. ఆ సంగతి శశికళకు తెలుసు. లంచ్ బాక్స్‌లో పెట్టిన ఇడ్లీ పెట్టినట్టే ఇంటికి వస్తోంది. తెలియనిది ఆ తర్వాతి మాట.

"మూత తీసి ముందు పెడతాం. తను మా వైపు తిరిగి నోరు తెరిచి కూర్చుంటుంది. ఎవరూ పెట్టకపోతే కాసేపటికి నోరు మూసేసుకుంటుంది" అంది టీచర్. ఆమె మాటల్లో ఎగతాళి లేదు. క్లాసులో పన్నెండు మంది పిల్లలున్నారనీ, మూడేళ్ల పిల్లలకు అక్కడ ఎవరూ తినిపించరనీ మెల్లగా చెప్పింది.

కార్‌లో కూతురికి బెల్టు పెడుతుంటే శశికళకు మిగతా పిల్లలంతా తింటుంటే తన పిల్ల ఒక్కతే నోరు తెరుచుకుని ఎదురుచూడటం కళ్లకు కట్టింది.

శశికళది హనుమకొండ. పెళ్లికి ముందు అక్కడి పిల్లల ఆసుపత్రి ల్యాబ్‌లో ఆరేళ్లు టెక్నీషియన్‌గా చేసింది. 2007లో ఉమాకాంత్‌ను పెళ్లి చేసుకుని నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌కి వచ్చింది. అతనికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె వీసా మీద పని చేయడానికి వీల్లేదు. రెండేళ్లకు అనన్య పుట్టింది. నేను వాళ్ల కింది ఫ్లాట్‌లో ఉండేదాన్ని. ఇదంతా కొంత చూశాను, మిగతాది ఆమె చెప్పగా విన్నాను.

ఆ ఏడు, అంటే 2012లో, వేసవి నుంచీ ఉమాకాంత్ తల్లి రత్నం గారు జనగామ నుంచి వచ్చి వాళ్లింట్లో ఉన్నారు. మనవరాలంటే ఆమెకు ప్రాణం. లాప్‌టాప్‌లో రైమ్స్ పెట్టి, పిల్ల బొమ్మల్లో లీనమై నోరు తెరవగానే పప్పన్నం ముద్ద లోపలికి తోసేవారు. ఒక్కో పూటా గంట పైనే పట్టేది. అంతకీ తినకపోతే పాల సీసా ఉండనే ఉంది. ఎన్ని సీసాలో ఎవరూ లెక్కపెట్టలేదు.

టీచర్ మాట్లాడిన మరుసటి వారమే అనన్యకు మూడేళ్ల చెకప్. నర్సు వేలి మీద పొడిచి ఒక చుక్క రక్తం తీసుకెళ్లింది. డాక్టరమ్మ కాగితంతో వచ్చి కూర్చుంది. హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ ఒకటి, కనీసం పదకొండు ఉండాల్సింది. ఆ అంకెకు అర్థం శశికళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"రోజుకి పాలు ఎన్ని తాగుతుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

శశికళ వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. పొద్దున లేవగానే ఒకటి, స్కూల్ నుంచి వచ్చాక ఒకటి, మధ్యాహ్నం నిద్రకు, సాయంత్రం, పడుకునే ముందు. ఐదు పెద్ద సీసాలు.

డాక్టరమ్మ తిట్టలేదు. పాలతో పొట్ట నిండిపోతే పిల్లకు ఆకలి వేయదనీ, పాలలో ఐరన్ దాదాపు ఉండదనీ, పైగా తిన్నదాంట్లోని ఐరన్‌ను కూడా పాలు సరిగా ఒంటబట్టనివ్వవనీ చెప్పింది. ఐరన్ చుక్కలు రాసింది. "సీసా మానేయండి. కప్పుతో రోజుకి రెండు కప్పులు చాలు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీ ఇష్టం. ఎంత తినాలో తన ఇష్టం" అంది.

ఇంటికి రాగానే శశికళ సీసాలన్నీ ఒక కవర్లో వేసి బయట చెత్తడబ్బాలో పడేసింది. ఆఫీస్ నుంచి వచ్చిన ఉమాకాంత్ విని కంగారు పడ్డాడు.

"అన్నీ ఒకేసారి ఎందుకు? మెల్లగ చేద్దాం."

"మెల్లగ చేసే మూడేండ్లు గడిచిపోయినయి. రేపటి సంది లాప్‌టాప్ బల్ల మీదికి రావద్దు. దాని ముద్ద అదే తింటది."

రత్నం గారు ఆ పూట మజ్జిగన్నం కూడా తినకుండా లేచి వెళ్లారు.

మర్నాటి నుంచి శశికళ కుర్చీ కింద పాత దుప్పటి పరిచింది. పిల్ల చేత్తో పట్టుకోగలిగేవే ప్లేటులో పెట్టింది: పెసరట్టు ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు, పాలకూర కలిపి చేసిన చిన్న చపాతీ. అరగంట. ఆ తర్వాత తిన్నా తినకపోయినా ప్లేటు తీసేసి, మళ్లీ మూడు గంటల తర్వాతే. రెండు కప్పుల పాలూ తిండి వేళకే, మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. మొదటి రోజు అనన్య నోరు తెరుచుకుని కూర్చుంది. తర్వాత ఏడ్చింది. గుడ్డు తీసి గోడకు కొట్టింది. రెండో రోజు మొత్తం మీద తిన్నది రెండు ముక్కలు. కింద నా వంటింట్లోకి వినిపించేది ఆ ఏడుపు.

నాలుగో రోజు శశికళ బట్టలు మడతపెట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్లేసరికి, మంచం మీద నానమ్మ ఒళ్లో పడుకుని పిల్ల పాలు తాగుతోంది. సూట్‌కేసులో ఒక సీసా దాచి ఉంచారు రత్నం గారు.

"పిల్ల పస్తుంటే నాకు బువ్వ దిగుతదా?" అన్నారు ఆవిడ, తప్పు పట్టకముందే. కళ్లు నిండిపోయాయి.

శశికళకు కోపం వచ్చింది. కానీ అరవలేదు. వెళ్లి ఆ రక్తపరీక్ష కాగితం తెచ్చి అత్తగారి పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, ల్యాబ్‌ల ఆరేండ్లు ఇట్లాంటి కాయితాలు రాసి తల్లుల చేతిల పెట్టిన. పిల్లకు తిండి పెట్టరా ఏంది అని మనసుల అనుకునేదాన్ని. ఇయ్యాల నా చేతిల పెట్టిన్రు. మనం ప్రేమతోనే పోసినం పాలు. అవే దానికి ఆకలి లేకుండ చేసినయి."

రత్నం గారు కాగితం వైపు చాలాసేపు చూశారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా చూశారు.

"మరి నన్నేం చెయ్యమంటవు?"

"మీరు వండుండ్రి. మీ వంటంటే దానికి ఇష్టం. దాని ముంగట కూసోని మీరు తినుండ్రి. దాని నోటి దిక్కు మాత్రం చూడకుండ్రి."

చివరి షరతు ఆమెకు చాలా కష్టమైంది. చూడకుండా ఉండలేక కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, పార్కింగ్‌లోని కార్లను చూస్తూ తినేవారు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అలా తింటుండగా ఒక చిన్న చెయ్యి వచ్చి ఆమె ప్లేటులోంచి పెసరట్టు ముక్క తుంచుకుంది. ఆవిడ కదల్లేదు. ఊపిరి కూడా తీయలేదేమో. శశికళ బల్ల కింద ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నానమ్మా, మోర్" అంది అనన్య. రెండో ముక్క కూడా తనే తుంచుకుంది.

అక్కడితో అంతా చక్కబడలేదు. అక్టోబర్లో జ్వరం వస్తే మూడు రోజులు ఒళ్లో పెట్టుకుని తినిపించాల్సి వచ్చింది. జ్వరం తగ్గాక పిల్ల మళ్లీ నోరు తెరిచింది. శశికళ మళ్లీ దుప్పటి పరిచింది. ఐరన్ చుక్కలు పాలతో కాకుండా నారింజ రసంతో ఇచ్చేది. పళ్లకు మరక పట్టకుండా బుగ్గ వైపు వేసి, వెంటనే పళ్లు తోమేది. ఒక్క రోజు కూడా మానలేదు. రెండు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే పదకొండు పాయింట్ మూడు వచ్చింది. స్కూల్ నుంచి బాక్స్ సగం ఖాళీగా రావడం మొదలైంది. ఒకరోజు టీచరే, "ఆ ఆకుపచ్చ పాన్‌కేక్ ఏమిటి? పక్క పిల్లలు కూడా అడుగుతున్నారు" అంది.

డిసెంబర్లో రత్నం గారు తిరుగు ప్రయాణమయ్యారు. జనగామలో ఆమె చిన్న కోడలికి అప్పటికి ఎనిమిది నెలల బాబు. వెళ్లిన వారానికే ఫోన్ చేసి, "ఈడ గూడ బువ్వ పెట్టేటప్పుడు టీవీ బంద్ చేయించిన" అని శశికళతో చెప్పారు.

ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్లలో చిన్నపిల్లల తల్లులు ఒక్కొక్కరే శశికళ తలుపు తట్టసాగారు. నేనూ తట్టాను, మా రెండేళ్లవాడు అన్నం ముట్టేవాడు కాదు. ఏం వండాలో చెబుతుందని పెన్నూ కాగితం పట్టుకెళ్లాను. ఆమె ముందు పాలెన్ని కప్పులని అడిగింది. డాక్టర్‌ని అడిగి రక్తపరీక్ష చేయించమంది, ఊరికే ఊహించి ఐరన్ మందులు కొనొద్దంది. "ఫస్ట్ వీక్ మస్తు కష్టమైతది విద్యా. పక్కనెవరైనా మెత్తబడితే కొట్లాడకు, వాళ్లకో పని చెప్పు. నాలుగో రోజు నువ్వే మెత్తబడతవు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి" అంది.

సరిగ్గా నాలుగో రోజే చేశాను. పది నిమిషాల్లో మెట్లు దిగి వచ్చి, నేను స్నానం చేసి వచ్చేదాకా వాడి ఏడుపు దగ్గర కూర్చుంది. వాడి నోట్లో ఒక్క మెతుకు పెట్టలేదు.

అనన్య ఇప్పుడు ఫస్ట్ గ్రేడ్. బీరకాయ ఈనాటికీ ముట్టదు. శశికళ వండినప్పుడల్లా ఒక ముక్క ప్లేటులో వేస్తుంది. పిల్ల దాన్ని అంచుకు నెట్టేసి మిగతాది తన చేత్తో తినేస్తుంది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.