అత్త నిలబెట్టుకున్న పన్ను

వికారాబాద్ స్టేషన్‌లో బండి దిగుతుండగా ఫోనొచ్చింది. తాండూరులో మా మేనత్త నిద్రలోనే కన్నుమూసింది. అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చాను. కాసేపటికి ఆ బెంచీ మీద ఆమె చేసిన హంగామా గుర్తొచ్చి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వాను.

అత్తది మంచి గొంతు. కానీ చర్చిలో ఎప్పుడూ వెనక వరసే, నోటికి కొంగు అడ్డమే. ఎత్తుపళ్లని చిన్నప్పుడు ఎవరో వెక్కిరించారట. మనవరాలు పుట్టాక, పళ్లకు క్లిప్పులు వేయించుకుంటానని కూర్చుంది. ఈ వయసులో సోకులేంటని మామ ఒకటే ఆటపట్టించాడు. ఆమె వింటేగా! నెలనెలా రైల్లో వికారాబాద్ వచ్చేది. ఇక్కడే ఉంటాను కాబట్టి డాక్టరమ్మ దగ్గరికి నేను తోడు వెళ్లేదాన్ని.

డాక్టరమ్మ చిన్న రబ్బరు బ్యాండ్లిచ్చి పక్కకొకటి తగిలించుకోమంది. క్రిస్మస్‌కల్లా ముందు వరసలో నిలబడి పాడాలని అత్త తొందర. ఎవరికీ చెప్పకుండా పక్కకు రెండేసి తగిలించింది. తర్వాత తీసిన ఎక్స్‌రేలో ముందు పళ్ల వేర్లు అరిగి పొట్టిగా కనిపించాయి. పెద్దవయసులో కొందరికి ఏ పొరపాటూ లేకున్నా ఇలా అవుతుందని, లాగుడు ఎక్కువైతే ఇంకా అరుగుతాయని చెప్పి, మీరేమైనా చేశారా అని అడిగింది డాక్టరమ్మ.

"ఇంకో జత ఎడ్లు కడితే దున్నుడు జల్ది అయితదనుకున్న బిడ్డా" అంది అత్త.

డాక్టరమ్మకు నవ్వాగలేదు. తర్వాత మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. కొన్ని నెలలు లాగడం ఆపాలి, అయినా అరుగుడు ఆగకపోతే ఆ పళ్లు కదిలిపోవచ్చు. స్టేషన్‌కు నడుస్తున్నంతసేపూ నేను అదే తలచుకుని దిగులుపడ్డాను. అత్తేమో స్టేషన్‌లో ఆ బెంచీ మీద పక్కన కూర్చున్న ఆడవాళ్లందరికీ ఎక్స్‌రే చూపించి, కందిచెట్టు లెక్క ఉండే వేర్లు పెసరచెట్టు లెక్క అయినయని కథలు కథలుగా చెప్పింది.

ఇంట్లో మాత్రం రోజూ పొద్దున్నే నాలుకతో పళ్లు తడిమి చూసుకునేదట. మామ వెక్కిరింతలు మానేశాడు. మక్క కంకులు ఉడికిస్తే తనే గింజలు ఒలిచి ఆమె గిన్నెలో వేసేవాడు.

మళ్లీ ఎక్స్‌రే తీసేనాటికి అరుగుడు ఆగింది. వేర్లు పొట్టివే, పళ్లు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఒక పన్ను ఇంకా కొంచెం వంకర. జాగ్రత్తగా ఇంకాస్త లాగొచ్చు, ఇక్కడితో ఆపేయనూవచ్చు అంది డాక్టరమ్మ.

"ఉండనీ. పాటకు వంకర అడ్డమొస్తదా?" అంది అత్త.

ఆ క్రిస్మస్ ఎలాగూ దాటిపోయింది. పై ఏడు ముందు వరసలో నిలబడి, కొంగు నడుముకు దోపి, నోరారా పాడింది. ఆ రోజు నుంచి, అత్త పోలికతో ఎత్తుపళ్లున్న నేనూ నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేశాను. అది ఆమె చలవే.

మొన్న మామా నేనూ అత్త ఫొటో పెద్దది చేయించడానికి వెళ్తే, వంకర పన్ను కంప్యూటర్లో సరిచేయమంటారా అని స్టూడియో అతను అడిగాడు.

"దాన్ని ముట్టకు. మస్తు కష్టపడి నిలబెట్టుకున్నది" అన్నాడు మామ.

జ్ఞాపకార్థ కూడిక రోజు ఆ ఫొటోను ముందు వరసలో, ఆమె నిలబడే చోట కుర్చీలో పెట్టాం. పాట మొదలైంది. అత్త నోరంతా తెరిచి నవ్వుతూనే ఉంది, ఆ వంకర పన్నుతో సహా.