రెండు నీడల విమానాలు

ఆయన్ని అందరూ తెరలాయన అనేవాళ్ళు. రాజమహలు కావాలన్నా, జైలు కావాలన్నా, రైల్వే స్టేషను కావాలన్నా చెక్కతో, గుడ్డతో, రంగుతో నాటకశాలలో నిలబెట్టేసేవాడు కాబట్టి ఆ పేరు. పనితనం గొప్పదే. కానీ నాటకం అయిపోగానే జనం నటులకి చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోతారు తప్ప, వెనక గోడ ఎంత బాగుందోనని ఆగి చూసిన మహానుభావుడు ఒక్కడూ లేడు. ఇంటికి రాగానే భార్య ఆయన చేతిలోని సంచీ అందుకుంటూ, "ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగేది. ఎవరూ ఏమీ అనలేదని ఈయన చెప్పడం, వాళ్ళకి కళ్ళు లేవని ఆవిడ తీర్పు ఇచ్చేయడం, ఇద్దరూ భోజనానికి కూర్చోవడం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే తంతు.

యుద్ధం వచ్చింది, నాటకశాలకి తాళం పడింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు వైమానిక దళంలో చేరింది. యుద్ధ విమానాల రెక్కల కింద బాంబులు తగిలించడం ఆ పిల్ల పని. బాంబు పొరపాటున పేలిపోకుండా దానికొక పిన్ను ఉంటుంది, పిన్నుకి ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది. విమానం బయల్దేరే ముందు దాన్ని లాగి పైలటుకి చూపించాలి. చిన్నప్పుడు జడకి రిబ్బను కడతానంటే ఇల్లు పీకి పందిరేసిన పిల్ల, ఇప్పుడు జేబుల నిండా రిబ్బన్లు వేసుకుని తిరుగుతోందని తల్లి నవ్వేది. నవ్వేది గానీ, సైరన్ మోగినప్పుడల్లా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేది. శత్రు విమానాలకి కావలసింది సరిగ్గా కూతురు పనిచేసే ఆ స్థావరమే మరి.

ఒకరోజు ఆ స్థావరం అధికారి తెరలాయన ఇంటికొచ్చాడు. అసలు విమానాల్ని వలలు కప్పి దాచేస్తారట. ఊరికి అవతలున్న ఖాళీ మైదానంలో ఉత్తుత్తి విమానాలు వరసగా నిలబెట్టాలి. శత్రువు అవే నిజమనుకుని బాంబులన్నీ అక్కడ కుమ్మరించి పోవాలి. చేయగలరా అని అధికారి అడిగేలోపే మన తెరలాయన చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీశాడు.

ఇక తిండీ నిద్రా మరిచిపోయాడు. ఆయన చెక్క చట్రాలు బిగిస్తే, భార్య వాటికి గుడ్డ కుట్టింది. గొట్టాల దగ్గర పొగమసి, రెక్క మీద నూనె మరక, పైలటు ఎక్కే చోట బూటుకాలి మట్టి, అన్నీ దిద్దాడు. కూతుర్ని అడిగి తెలుసుకుని చెక్క బాంబులు చేసి రెక్కల కింద తగిలించాడు. వాటికి పిన్నులు పెట్టాడు, పిన్నులకి ఎర్ర రిబ్బన్లు కూడా కట్టాడు. అంత ఎత్తునుంచి రిబ్బను ఎవడికి కనిపిస్తుందని అధికారి అడిగితే, కనిపించకపోయినా ఉండాలన్నాడు. ఆఖరున ప్రతి విమానం పక్కనా నేలమీద నల్లరంగుతో ఒద్దికగా నీడ వేశాడు. నీడ లేనిదే బొమ్మకి బరువు రాదని ఆయన సిద్ధాంతం. కూతురు వచ్చి చూసి నోరు వెళ్ళబెట్టింది. ఎక్కి తోలుకుపోవచ్చంది.

శత్రు విమానాలు ఒక మధ్యాహ్నం వచ్చాయి. తెరలాయనా భార్యా మైదానం పక్క కందకంలో నక్కి చూస్తున్నారు. వచ్చినవి వచ్చినట్టే, ఆయన కళాఖండాల వైపు కన్నెత్తి చూడకుండా నేరుగా అసలు స్థావరం మీదికి పోయాయి. బాంబుల గోదాము మీద పడాల్సిన బాంబు అదృష్టం బాగుండి మురుగు కాలవలో పడి, సగం ఊరికి బురద చల్లింది. సాయంత్రం కూతురు చెవులు గింగురుమంటూ ఇంటికొచ్చింది. నీళ్ళు కావాలా అని తల్లి అడిగితే నిన్ననే కోసుకున్నానని గోళ్ళు చూపించింది. ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వాక తెరలాయనకి మాత్రం ముద్ద దిగలేదు. భయమూ వేసింది, సిగ్గూ వేసింది. తన చేతిపని ఇంకొకసారి తప్పితే, ఆ భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అవుతుంది.

మర్నాడు మధ్యాహ్నం అధికారి దగ్గరికి వెళ్ళి, తనని ఒక్కసారి పైకి తీసుకెళ్ళి తన పని తనకి చూపించమని పట్టుబట్టాడు. అంతవరకూ ఆయన ఎక్కిన పెద్ద ఎత్తు నాటకశాల నిచ్చెన. అధికారి ఇద్దరు పట్టే చిన్న విమానంలో ఆయన్ని కూర్చోబెట్టుకుని తానే నడిపాడు. తెరలాయన కళ్ళు గట్టిగా మూసుకుని సీటుని కరుచుకుపోయాడు. మైదానం మీదికి రాగానే చూడమని అధికారి కేక వేస్తే, ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోదీ తెరిచాడు.

కింద ప్రతి విమానానికీ రెండు నీడలు. సూర్యుడు వేసింది తూర్పుకి, తాను వేసింది పడమటికి. పొద్దున పూట చూసి వేసిన నీడ, పొద్దు వాలినా వేసిన చోటే పడుంది. అంతటి పనివాడూ పప్పులో కాలేశాడు. ఆకాశంలో ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయి తెరలాయన పగలబడి నవ్వాడు. మతి పోయిందేమోనని అధికారి హడావిడిగా విమానం దించేశాడు.

"నాటకంలో దీపం నేను కట్టిన చోటే ఉంటుంది సార్," అన్నాడు తెరలాయన నేలమీద కాలు పెట్టి. "ఇక్కడ దీపం నా మాట వినదని తట్టలేదు."

ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాలిద్దరూ పారలు పట్టుకుని నీడలన్నీ గీకేశారు. సూర్యుడి పని సూర్యుడికే వదిలేయమని భార్య ఆ రెండు గంటలూ దెప్పుతూనే ఉంది. అంతటితో ఊరుకోలేదు. మనుషులున్న చోట ఉతికిన బట్టలుండవా అని, పాత యూనిఫారాలు తెచ్చి మైదానం చివర తాడు మీద ఆరేసింది.

మళ్ళీ వచ్చినప్పుడు శత్రు విమానాలు ఎటూ దారి తప్పలేదు. మొదటి బాంబు మొదటి వరస మీదే పడింది. తెరలాయన కందకంలో లేచి నిలబడిపోయాడు. భార్య చొక్కా పట్టుకుని గుంజుతున్నా వినడు. రెక్కలు విరుగుతున్నాయి, తోకలు ఎగురుతున్నాయి, ఒక్కొక్కటి కూలుతున్న కొద్దీ ఆయన కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. ఉన్న బాంబులన్నీ అక్కడే ఖర్చు చేసుకుని అవి వెనక్కి తిరిగాయి. ఆరేసిన యూనిఫారాలు కూడా మిగల్లేదు.

పొగ కాస్త తగ్గాక ఇద్దరూ పైకెక్కి స్థావరం వైపు చూశారు. అక్కడ పొగ లేదు. అయినా మనసు ఊరుకోదు కదా. విరిగిన చెక్కల మధ్య కూర్చుని దారి వైపే చూస్తూ ఉండిపోయారు. చాలాసేపటికి కూతురు సైకిలు మీద వచ్చింది. చేతులు మోచేతుల దాకా గ్రీజు, జేబులోంచి ఎర్ర రిబ్బన్లు వేలాడుతున్నాయి. తండ్రి మొహం మీద మసిలో కన్నీటి చారలు చూసి, విమానాలు పోయాయని ఏడుస్తున్నాడనుకుంది పిచ్చిపిల్ల. మళ్ళీ చేసుకోవచ్చులే నాన్నా అని భుజం పట్టుకుంది.

ఆయన భార్య వైపు తిరిగాడు. ఇన్నేళ్ళూ ఆవిడ అడిగిన మాట మొదటిసారి తానే అడిగాడు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఇదిగో, ఇది సైకిలు తొక్కుకుంటూ వచ్చింది," అంది ఆవిడ కూతురి గ్రీజు చెయ్యి పట్టుకుని. "ఇంకెవరేమనాలండీ?"

తెరలాయన రెక్క గుడ్డ పీలికతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత వంగి, పనికొచ్చే మేకులు ఏరడం మొదలుపెట్టాడు.