మామ కత్తులు, అత్త పూజ

మొన్న మెట్రో స్టేషన్‌లో నా చేతిసంచి యంత్రంలోంచి బయటికి రాగానే అక్కడున్న సెక్యూరిటీ అమ్మాయి దాన్ని పక్కకు పెట్టి, లోపల కత్తి ఉన్నట్టుంది, తీసి చూపించమంది. తీశాను. నా చూపుడువేలంత మడత కత్తి, చెక్క పిడిది. వెనకాల వరసలో ఉన్నవాళ్లంతా నన్ను ఎగాదిగా చూశారు. యాభై దాటినదాన్ని, కళ్లజోడు, చేతిలో టిఫిన్ డబ్బా, కొప్పులో కనకాంబరాలు. ఇలాంటి మనిషికి కత్తి ఎందుకని వాళ్ల అనుమానం. నేను ఏమాత్రం కంగారు పడకుండా సంచిలోంచి జామకాయ తీసి కత్తి పక్కన పెట్టాను. పండు కోసుకోవడానికమ్మా అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది కానీ, పండు వెళ్లొచ్చు, కత్తి మాత్రం వెళ్లడానికి వీల్లేదంది. కత్తిని అక్కడ వదిలేసి రైలెక్కడమా, కత్తితో సహా మెట్లు దిగిపోవడమా అన్నప్పుడు నేను క్షణం కూడా ఆలోచించలేదు. దిగి ఆటో ఎక్కాను. ఆఫీసుకు అరగంట ఆలస్యమైంది. దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను. కత్తి పెట్టుకున్న మనిషి దగ్గర జామకాయ కూడా ఉండాలని నాకు నేర్పింది మా మేనమామ.

మా అమ్మకు చిన్న తమ్ముడు ఆయన. ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో, టూల్ రూమ్‌లో ముప్పై ఆరేళ్లు లేత్ మెషీన్ల మీద పనిచేశాడు. సంతోష్‌నగర్ వెనకాల, మురుగునీటి నాలా పక్కనున్న గల్లీలో సొంత ఇల్లు. పై వాటాలో పదేళ్లుగా నేనుంటున్నాను కాబట్టి, ఆయన అభిప్రాయాలన్నీ నాకు మెట్ల మీదనే అందేవి. కత్తులంటే ఆయనకు ప్రాణం. తను చేసిన చెక్కపెట్టెలో, పాత బనియన్ గుడ్డల మధ్య పదకొండు కత్తులు పడుకొని ఉండేవి. అరచేతికంటే పొడుగైన కత్తి చూపించుకోవడానికే తప్ప పనికి రాదని ఆయన మొదటి సూత్రం. స్టీలు కత్తి పెళ్లికొడుకు బూట్లలాగా మెరుస్తుంది గానీ పదును నిలబడదట. ఇనుప కత్తి తుప్పు పడుతుంది, నల్లబడుతుంది, వారానికోసారి కొబ్బరినూనె అడుగుతుంది, కానీ అక్కరకు అదే వస్తుందట. ఒకే పిడిలో పదిహేను పనిముట్లు మడిచి పెట్టిన విదేశీ కత్తిని ఎవరో చూపిస్తే దాన్ని చాలాసేపు తిప్పి చూసి, ఇందులో చెంచా ఎందుకని అడిగాడు. ప్రళయం వచ్చిననాడు పప్పుచారు ఎవరు పోస్తారని ఆయన సందేహం.

తుపాకుల సంగతి వేరు. ఆయన దగ్గర తుపాకీ ఎన్నడూ లేదు. కాలేజీలో ఎన్‌సీసీ క్యాడెట్‌గా ఉన్నప్పుడు పేల్చినవి మొత్తం ఐదు తూటాలు. ఆ ఐదు తూటాల మీదే నలభై ఏళ్ల పాండిత్యం నడిపించాడు. సినిమాకు వెళితే హీరో పేల్చిన గుండ్లు వేళ్ల మీద లెక్కపెట్టి, ఆరు దాటగానే ఏడోది ఎక్కడినుంచి వచ్చిందని పైకే అడిగేవాడు. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. ఎగ్జిబిషన్‌లో బెలూన్లు కొట్టే దుకాణం దగ్గర ఆగి, తుపాకీ గొట్టం కావాలనే ఎడమకు వంచారని దుకాణంవాడికే చెప్పి, ఆ వంకరను సరిచూసుకొని నాలుగు బెలూన్లు పగలగొట్టి, బహుమతిగా వచ్చిన ప్లాస్టిక్ దువ్వెన అత్తకు తెచ్చి ఇచ్చాడు. అయితే ఇంట్లో తుపాకీ ఉండాలా అంటే మాత్రం వద్దనేవాడు. దొంగ ఎప్పుడో వస్తాడు, ఇంట్లోవాళ్లకు కోపం రోజూ వస్తుంది అనేవాడు.

జామకాయ కథ చార్మినార్ దగ్గర మొదలైంది. పండుగ బందోబస్తులో ఒక కానిస్టేబుల్ ఆయన జేబు తడిమి కత్తి తీసి, "క్యా చాచా, ఏ కాయ్‌కు?" అని అడిగాడట. మామ భయపడాల్సింది పోయి సంబరపడ్డాడు. కత్తి ఎందుకని అడిగిన మనిషి ఆయనకు జీవితంలో మొదటిసారి దొరికాడు. ఉక్కు దగ్గర మొదలుపెట్టి సానరాయి దాకా వచ్చేసరికి కానిస్టేబుల్‌కు ఓపిక పోయింది. మామ మాత్రం పక్క బండి మీది జామకాయ తీసుకొని నాలుగు ముక్కలు కోసి చూపించాకే అతన్ని వదిలిపెట్టాడు. అప్పటినుంచి మామ కుడి జేబులో కత్తి, ఎడమ జేబులో జామకాయ. జామకాయలు లేని రోజుల్లో నిమ్మకాయ. ఉతికే ముందు జేబులు చూసుకోవడం అత్తకు అలవాటైపోయింది.

తలుపు వెనక మేకుకు ఇంకో వస్తువు వేలాడేది. ఖాకీ సంచి. అందులో టార్చి, విజిల్, నైలాన్ తాడు, మైనం పూసిన అగ్గిపెట్టె, ఓఆర్ఎస్ పొట్లాలు, రేషన్ కార్డు నకలు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు. ఏ ఆపద వచ్చినా ఆ సంచి భుజాన వేసుకుంటే చాలని ఆయన ధీమా. అత్త దానికి ప్రళయం సంచి అని పేరు పెట్టింది. చెప్పకుండా చుట్టాలొస్తే ఆ బిస్కెట్లే పళ్లెంలో పెట్టేది. నెలకోసారి తనిఖీలో ఆ సంగతి బయటపడి మామ లొల్లి చేస్తే, చుట్టాలు మాత్రం ఆపద కారా అనేది. కత్తుల మాటలు ఎప్పుడు ఎత్తినా ఆమె కూరగాయలు తరుగుతూ ఊఁ కొట్టేది. వింటున్నదనుకోవడానికి ఆధారమేమీ మాకు దొరికేది కాదు.

ఆ ఇద్దరికీ నిజంగా చెడేది దసరాకే. మహర్నవమినాడు మా ఇళ్లలో పనిముట్లకు పూజ చేస్తాం. అత్త కత్తిపీటకు, కుట్టుమిషన్‌కు, స్కూటర్‌కు బొట్లు పెట్టేది కానీ మామ కత్తులను దేవుడి అర్ర గడప తొక్కనిచ్చేది కాదు. అన్నం పెట్టిన వస్తువుకే పూజ, నీ కత్తులు ఎవరికి అన్నం పెట్టాయి అనేది. ఆ మాట ఆయనకు గుచ్చుకునేది. ఫ్యాక్టరీలో గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి బస్తా బంతిపూలు తెచ్చి లేత్‌లను అలంకరించేది ఆయనే. పూజ అయిన పనిముట్టు మర్నాటి దాకా విశ్రాంతి తీసుకోవాలని, ఈలోగా ముట్టుకుంటే చేతిని కరుస్తుందని టూల్ రూమ్‌లో అందరికీ నమ్మకం. తొందరపడి స్విచ్ వేసి గోరు పోగొట్టుకున్న తోటి పనివాడి కథ మామ ప్రతి ఏడూ చెప్పేవాడు.

రిటైరైన ఏడాది నవమి పొద్దున ఆయన స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకొని, ఎక్కడికీ వెళ్లేది లేక అరుగు మీద కూర్చున్నాడు. పూజ చేయడానికి లేత్ లేదు. అత్త లోపలినుంచి ఒకసారి వచ్చి చూసింది, రెండోసారి వచ్చి చూసింది. మూడోసారి వచ్చి, కత్తులు తీసుకురమ్మంది. ఆయన పెట్టె మొత్తం తెచ్చాడు, ప్రళయం సంచి కూడా తెచ్చాడు. ఆమె పదకొండు కత్తులకూ ఒక్కొక్కటిగా కుంకుమ పెట్టింది. టార్చికి, తాడుకు కూడా పెట్టింది. రేపటిదాకా ముట్టుకోవద్దని చెప్పింది. నాకు చెప్తావా అన్నట్టు చూశాడాయన. అంత సంతోషంగా మామను నేను అంతకుముందు చూడలేదు.

ముందురోజు మొదలైన వాన తగ్గలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి నాలా పొంగి గల్లీలోకి వచ్చింది. మా ఇంటికి ఐదు మెట్లున్నాయి కాబట్టి నీళ్లు గడప దగ్గర ఆగాయి. పక్కింటి పాల అవ్వ కొట్టం మాత్రం పల్లంలో ఉంటుంది. నాలుగు బర్రెలు ఆమెకు. కొడుకు పాలు పోయడానికి వెళ్లి రోడ్డు అవతల చిక్కుకుపోయాడు. అవ్వ కేక విని మామ, నేను చేతులు పట్టుకొని నీళ్లలో దిగాం. కొట్టంలో నడుము లోతు ఉంది. బర్రెలు బెదిరి గుంజుకుంటే తడిసిన నైలాన్ తాళ్ల ముడులు ఇనుప కడియాల దగ్గర రాయిలాగా బిగిశాయి. అవ్వ ముసలి బర్రె మెడ కావలించుకొని నిలబడింది. నువ్వు ముందు బయటికి రా అంటే, వీటిని ఇడిచి నేను రాను అంది. మామ వేళ్లతో లాగాడు, వంగి పళ్లతో లాగాడు. ముడి కదల్లేదు. నీళ్లు పెరుగుతున్నాయి.

ఇంటికి పరుగెత్తాం. వంటింట్లో కత్తిపీట లేదు, పూజలో ఉంది. నేను ఎదురింటివాళ్లను కేకేసి అడిగాను. వాళ్లదీ పూజలోనే ఉందన్నారు. వాళ్ల పక్కింట్లోనూ అంతే. ఆ మధ్యాహ్నం మా గల్లీలో కోసే వస్తువు ప్రతిదీ బొట్టు పెట్టుకొని దేవుడి ముందు కూర్చుంది. మామ నీళ్లోడుతూ దేవుడి అర్ర గడప దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా పదకొండు కత్తులు, పూల మధ్య. జీవితమంతా ఈ రోజు కోసమే తయారైన మనిషి, చెయ్యి చాచలేకపోయాడు. ముప్పై ఆరేళ్ల నమ్మకం ఆయన్ను అక్కడే కట్టేసింది. దాన్ని పిరికితనమని ఎవరన్నా నేను ఊరుకోను.

అత్త ఆయన్ను పక్కకు జరిపి లోపలికి వెళ్లింది. రంపపు బ్లేడును అరగదీసి ఆయన చేసుకున్న ఇనుప కత్తి ఉంది, అన్నిటికంటే పదునైనది. సూటిగా దాన్నే తీసి, కొంగుతో కుంకుమ తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

"నేను పెట్టిన పూజ, నేనే తీస్తున్న. పాపమొస్తె నాకొస్తది. నువ్వు పో."

మామ వెళ్లాడు. ఒక్కో తాడుకు ఒక్క కోత. మూడు బర్రెలు తోసుకుంటూ రోడ్డు ఎత్తుకు వెళ్లిపోయాయి. నాలుగోదాని ముడి నీళ్ల అడుగున ఉంది. మునిగి కోస్తుండగా ముసలి బర్రె ఒక్కసారి గుంజింది. తాడు తెగింది, కత్తి జారి బురదలో పోయింది. అవ్వ బర్రె కొమ్ము పట్టుకొని దానితోపాటే బయటపడింది. మామ పైకి లేచి కుడి పిడికిలి బిగించుకొని నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి కారే నెత్తురు వాననీళ్లలో కలిసిపోతోంది. మా మెట్ల దగ్గర నా చెవిలో చెప్పాడు.

"అత్తకు చెప్పకు బిడ్డా. పూజ తీసినందుకే అయిందని మనసుల పెట్టుకుంటది."

మర్నాడు నాలుగు కుట్లు పడ్డాయి. కొట్టం రేకు గీసుకుందని అత్తకు చెప్పాడు. ఆమె ఊఁ అంది. పది రోజులు ఆయన అన్నం చెంచాతోనే తిన్నాడు, చెంచా మీద ఏ అభిప్రాయమూ చెప్పకుండా. ఆ తర్వాత ప్రతి దసరాకూ మిగిలిన పది కత్తులూ పూజలో కూర్చుంటున్నాయి. అత్త నవమినాడు ఒక్కపొద్దు ఉండడం కూడా ఆ తర్వాతి ఏడే మొదలుపెట్టింది. ఇంటి మంచి కోసమంది. మేమెవరమూ ఎక్కువ ఆలోచించలేదు.

పోయిన చలికాలంలో నేనూ అత్తా ఎండలో కూర్చొని అనపకాయలు ఒలుస్తున్నాం. మామ బజారుకు వెళ్లాడు. ఆయన చేతి మచ్చ చలికి లాగుతోందట పాపం అన్నాను, ఊరికే. అత్త కాయ మీదినుంచి చూపు తిప్పకుండా మాట్లాడింది.

"రేకు గీస్తె అంచులు చిరిగినట్టు ఉంటయ్ బిడ్డా. గది కత్తి గాటు. గీత గీసినట్టు ఉన్నది. నలభై ఏండ్ల సంది ఆయన చెప్పుడు, నేను ఇనుడు. నాకు గంత తెల్వదా?"

మరి ఎందుకు అడగలేదన్నాను. అడిగితే తను ఫికర్ పడుతోందని ఆయన ఫికర్ పడతాడంది. ఒక్కపొద్దు ఎవరి కోసమో నేను ఇక అడగలేదు. లేచి మంచినీళ్లు తాగి వచ్చాను.

ఇంతలో మామ గేటు తీసుకొని వచ్చి, ఏం ముచ్చట పెట్టుకున్నరు అని అడిగాడు. ఏం లేదు, కాయలు ముదిరినయ్ అంది అత్త. ఆయన మెట్టు మీద కూర్చొని, మచ్చ ఉన్న చేత్తోనే నాలుగు కాయలు తీసుకొని ఒలవడం మొదలుపెట్టాడు. ఆమె ఆ చేతిని చూసింది, చూడనట్టే ఉంది. ఇద్దరిలో ఎవరికి ఏం చెప్పినా ఇన్నేళ్లుగా వాళ్లు ఒకరికోసం ఒకరు మోసిన బరువును నేను లాగేసుకున్నట్టవుతుంది. అందుకే నోరు మూసుకొని కాయలు ఒలిచాను, కాపురం ఒక్కోసారి ఇలా ఇద్దరి మౌనం మీదుగానే గడుస్తుందనుకుంటూ.