గూడబాతుల కోసం వెళ్లి, సంతోషమ్మ చెయ్యి చూసి వచ్చాను

తాడేపల్లిగూడెంలో మా పక్కవాటా ఆవిడ ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లొచ్చి, గూడబాతుల, అదే పెలికాన్ల ఫొటోలు చూపించి, "ఇంత దగ్గర్లో ఉండి ఇంకా చూడలేదటండీ?" అని దీర్ఘం తీసింది. నాకు ఒళ్లు మండింది. కొల్లేటిలో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడు అది. రెండో శనివారం బడికి సెలవు కావడంతో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి ఏలూరులో దిగాను. ఆకివీడు మీదుగా కూడా కైకలూరు చేరవచ్చు, కానీ నాకు కొల్లేరు మధ్యలోంచి వెళ్లాలని సరదా. కైకలూరు బస్సులో కుడివైపు కిటికీ దొరికింది. కైకలూరులో దిగేసరికి ఎండెక్కింది.

ఆటో యేసుపాదానిది. రానూపోనూ నూటయాభైకి ఒప్పుకున్నాడు. మనిషి మంచివాడే గాని, దారిలో నేను పంతులమ్మనని తెలిసిన దగ్గర్నుంచి ఏదో నసుగుతున్నాడు. "ఇప్పుడేం ఉంటాయండీ, మేతకెళ్లిపోతాయి. సాయంత్రం చూద్దురుగాని. మా అక్క ఇంటికాడ ఓ ముద్ద తిని ఎల్దామండి" అన్నాడు. కొర్రమేను పులుసు అనగానే నేను ఇంకేం అడగలేదు.

అతని అక్క సంతోషమ్మ ఆకివీడులో చేపల ప్యాకింగు పనికి వెళుతుంది, ఇంటి వెనక నాలుగు పందులను పెంచుకుంటుంది. వడ్డించేటప్పుడు చూశాను, గరిటె ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి చీరకొంగు కింద దాచింది. "ఏమైందమ్మా?" అంటే, "జెల్ల చేప ముల్లు గుచ్చుకుందండి. డాక్టరుగారు మందులిచ్చారు, తగ్గుద్ది" అంది. ఇంతలో కొంగు జారింది. చూపుడువేలు నుంచి మణికట్టు దాకా వంకాయ రంగు తేలి, ఉబ్బి ఉంది. నుదురు తాకితే కాలిపోతోంది.

"ముల్లు కాదండి" అన్నాడు యేసుపాదం, కంచంలోంచి తలెత్తకుండా. "పెద్దపందికి జబ్బు చేసిందండి. ఒళ్లంతా ఎర్రమచ్చలు, పేకముక్కల్లో డైమండ్లలాగ. చచ్చిపోతే మట్టిపాలేనని, బతికుండగానే కోసేసి మాంసం పోగులు పెట్టి ఇంటికొకటి పంచేశాం. అక్క చెయ్యి అప్పుడే తెగిందండి."

"నోర్ముయ్‌రా! కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుద్ది" అని కసిరింది సంతోషమ్మ. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "పందులోళ్లమంటే మమ్మల్ని ఎలా చూస్తారో మీకు తెల్దండి. ఓసారి ఆస్పత్రిలో ఆ మాట అంటే, బల్ల మీంచి లేచి బయట నుంచోమన్నారు. అందుకే ముల్లని చెప్పానండి. కొల్లేట్లో ముల్లు అందరికీ గుచ్చుకుద్దిగా" అంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఆ బయట నుంచోమన్నవాళ్ల మీద అలిగి చెయ్యి పోగొట్టుకుంటావా? పద!" అన్నాను. యేసుపాదం అప్పటికే ఆటో స్టార్టు చేశాడు. నన్ను భోజనానికి ఎందుకు పిలిచాడో అప్పుడు తెలిసింది. "పంతులమ్మగారు చెబితే వింటదనండి" అని గొణిగాడు.

కైకలూరులో ఆ మందులిచ్చిన డాక్టరుగారే చెయ్యి తిప్పి చూసి, "మందులు వాడినా తగ్గలేదేం? ముల్లేనా?" అన్నారు. గదిలో ఇంకో ముగ్గురు ఉన్నారు. సంతోషమ్మ నేల చూపులు చూసింది. నేను నోరు తెరవబోయాను. ఈలోగా ఆవిడే, గోడ అవతలికి కూడా వినబడేలా, "పంది అండి. మేం పందుల్ని పెంచుకుంటాం. జబ్బు పందిని కోశానండి" అంది.

డాక్టరుగారు కలం కింద పెట్టారు. "ఈ మాట మొదటిరోజే చెప్పాలి కదమ్మా!"

"మీరడిగారాండీ?"

ఆయన "లేదమ్మా. అడగలేదు" అన్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. పందులకు వచ్చే ఒకరకం బాక్టీరియా గాయంలోంచి మనుషులకూ ఎక్కుతుందని, చేపల మీదా ఉంటుందని, వదిలేస్తే ఒక్కోసారి రక్తంలో కలిసి గుండె దాకా పోతుందని చెప్పారు. రక్తం పరీక్షకు పంపి, టెస్టు డోసు వేసి చూశాక పెన్సిలిన్ ఇంజెక్షను ఇచ్చారు. "కోతలో ఇంకెవరు చెయ్యేశారు?" అని అడిగారు.

తిరుగుదారిలో సంతోషమ్మ పోగు తీసుకున్న ప్రతి ఇంటి ముందూ ఆటో ఆపించింది. "కోతలో చెయ్యి తెగినోళ్లు, జొరం ఉన్నోళ్లు రేపు ఆస్పత్రికి రండి. పంది అనే చెప్పండి. నేను చెప్పేశాను, నన్నెవరూ బయట నుంచోమనలా!" అని అరిచింది. గూడబాతులు మా తలల మీదుగానే గూళ్లకు వెళ్లిపోయాయి. నేను కెమెరా తీయనేలేదు.

నెల తిరక్కుండా మళ్లీ వెళ్లాను. పులుసు కుడిచేత్తోనే వడ్డించింది. దొడ్డి తడిక మీద రబ్బరు గ్లవుజులు ఆరుతున్నాయి. జబ్బు పందిని ఇక కొయ్యరట, పశువుల డాక్టరుకు కబురు పెడతారట. ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది పంది ఒక్కటే కాదని, బల్ల మీంచి లేవమన్న ఆ మాట కూడా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆటపాకకు సాయంత్రం పూటే వెళ్లండి. ఆ వైపు తిరిగొచ్చాక చేతి మీద గాయం ఉబ్బినా, జ్వరం వచ్చినా, ఏ జంతువును ముట్టుకున్నారో, ఏ చేప శుభ్రం చేశారో డాక్టరుకు చెప్పండి. ఆయన అడగకపోయినా సరే.