చేతిపేర్లు పెట్టిన సుభద్ర టీచరమ్మ

సోమవారం పొద్దున మా బిడ్డ సరిత గుమ్మంలో నిలబడి ఎడమ బుగ్గకు వేలు ఆనించింది. అక్కడ పుట్టుమచ్చ ఉండేది సుభద్ర టీచరమ్మకు. వినపడనివాళ్లంతా ఆమెను పిలుచుకునే చేతిపేరు అదే. తర్వాత సరిత అరచేయి వెల్లకిలా తిప్పింది. టీచరమ్మ ఇక లేరు.

కంప్యూటర్ కోర్సుల బోర్డులు అమీర్‌పేట గోడలను కమ్ముకుంటున్న రోజుల్లో, అక్కడి గల్లీలో మా ఆయన బట్టలు కుట్టేవాడు. సరితకు పుట్టుకతోనే వినపడదు. సైగలు చేస్తే మాట రాదని ఎవరో చెబితే, ఏడేళ్లు ఆ పిల్ల చేయి లేపినప్పుడల్లా మణికట్టు పట్టుకున్నాను. మంచికే అనుకున్నాను.

పంజాగుట్టలో మేడ మీద టీచరమ్మ బడి. ఆమెకూ వినపడదు. మొదటిరోజు పిల్లను దింపి వెళ్లబోతుంటే అడ్డం నిలబడి, పలక మీద రాసి చూపారు. కూడబలుక్కుని చదివాను: "పిల్లకొక్కదానికే నేర్పితే ఇంట్లో ఎవరితో మాట్లాడుతుంది? కూర్చోండి."

మా ఆయన ఒకటే నవ్వు. "నువ్వు సుత బడికా? ఇద్దరికీ టిఫిన్ డబ్బా కట్టాల్నా?"

"కట్టు. జర పచ్చడి ఎక్కువెయ్యి," అన్నాను.

నాలుగు సైగలు రాగానే సరితకు నేనే పేరు పెట్టాను. చెవి చూపించి, లేదన్నట్టు చేయి ఊపాను. టీచరమ్మ ముఖం ఎర్రబడింది. పలక తుడిచినట్టు గాలిలోనే ఆ పేరు తుడిచేశారు. పలక అందుకుని రాశారు: "లేనిదాంతో పిలుస్తారా ఎవరినైనా? ఉన్నదేంటో చూడండి." వారం రోజులు పిల్లను గమనించి, బుగ్గ సొట్టలో వేలు తిప్పారు. అదీ పేరు! చేతిపేరు వినపడనివాళ్లే పెట్టాలట.

"మరి నాకు?"

"మీ అమ్మాయి పెడుతుంది. ఆగండి."

ఆర్నెల్లు ఆగాను. ఒకరోజు సరిత నన్ను చూపించి, తన మణికట్టు తానే గట్టిగా పట్టుకుంది. నేను చేసిన పనే నా పేరైంది. మార్చమని టీచరమ్మను బతిమాలాను. నా కన్నీళ్లు తుడిచారే గానీ ఒప్పుకోలేదు. "పిల్ల పెట్టిన పేరు నేను మార్చను. మీరు రోజూ రండి."

వెళ్లాను. సరిత కంప్యూటర్ నేర్చుకుని ఆఫీసుకు పోయేదాకా ఎదిగింది. ఆ పేరు సంగతి మళ్లీ అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఆ సోమవారమే టీచరమ్మ ఇంటి ముందు శిష్యులంతా చేతులతోనే శోకిస్తున్నారు. ఒకామె నేనెవరని సరితను అడిగింది. సరిత తన మణికట్టు పట్టుకుంది, వదిలింది, రెండు చేతులూ పూవులా విప్పింది.

"ఎప్పుడు మార్చినవే?" అని చేతులతో అడిగాను.

"చానా దినాలైంది. టీచర్‌కు ఎరుకే. నీతో మాట్లాడేటప్పుడు నీ పేరెందుకు చేస్త?"

టీచరమ్మ దగ్గరికి వెళ్లి ఆ పేరు చేసి చూపించాను. తప్పుంటే గాలిలో తుడిచేసే ఆ చేయి కదల్లేదు. నా బుగ్గకు వేలు ఆనించి, ఆమెను ఆమె పేరుతో పిలిచి, మొక్కాను.